డిజిటల్ ధ్వనిముద్రణ

ధ్వనిని అంకెలుగా మార్చి కంప్యూటర్లో భద్రపరచి, సవరించి, కలిపే పద్ధతి డిజిటల్ రికార్డింగ్. దీనివల్ల నాణ్యత పెరగడం కన్నా, దిద్దుకునే వీలు పాడేవారి సొంత ఊళ్లోకే రావడం పెద్ద మార్పు. ఉత్తరాంధ్ర చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. 1936లో ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ బాధ్యత చేపట్టారు. పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర ఘంటసాల నేర్చుకున్నది అక్కడే, పి. సుశీల అక్కడి విద్యార్థినే. ఇంత విద్య ఉన్నా, అప్పట్లో రికార్డు ఇవ్వాలంటే తరచూ మద్రాసో బెంగళూరో పోవాల్సి వచ్చేది. సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావును 1930లలో హచిన్స్ రికార్డుల కంపెనీ చిన్నతనంలోనే బెంగళూరు తీసుకువెళ్లి పాడించింది. 78 ఆర్‌పిఎం రికార్డు ఒక పక్కన పట్టేది సుమారు మూడు నిమిషాలు. మైనం మీద గాడి పడ్డాక దిద్దుబాటు లేదు, మళ్లీ మొదటినుంచీ పాడాలి. అంతటి కట్టడిలోనూ ఆ తరం నిండైన గానం అందించింది. తర్వాత వచ్చిన టేపును కోసి అతికించగలిగేవారు.

1982లో వచ్చిన సీడీలో ధ్వనికి సెకనుకు 44,100 నమూనాలు ఉంటాయి. ఇది శాంపుల్ రేట్. ఒక్కో నమూనాను 65,536 మెట్లలో కొలవడం 16 బిట్ల బిట్ డెప్త్. 1983 నాటి మిడి అనే సంకేత పద్ధతి ధ్వనిని దాచదు; కీబోర్డు మీద ఏ మీట ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారో చెబుతుంది. సంగీత సాఫ్ట్‌వేర్లలో క్యూబేస్ 1989లో, ప్రో టూల్స్ 1991లో, ఉచితంగా దొరికే ఆడాసిటీ 2000లో వచ్చాయి. గాత్రానికొకటి, వాద్యానికొకటి విడిగా నడిచే వరుస ట్రాక్. వాటి హెచ్చుతగ్గులు సరిచూసి కలపడం మిక్సింగ్. పాడిన గొంతు హెడ్‌ఫోన్‌లో వినబడేలోపు పట్టే జాప్యం లేటెన్సీ.

1997లో ఆటో-ట్యూన్ వచ్చాక శ్రుతిని యంత్రమే దిద్దుతోందని, సాధన తగ్గిందని ఆక్షేపణ ఉంది. అందులో కొంత నిజముంది. అయినా రికార్డింగ్‌లోనే చెడినదాన్ని సాఫ్ట్‌వేర్ పూర్తిగా బాగుచేయలేదు. ఉత్తరాంధ్ర జానపద నృత్యం తప్పెటగుళ్లనే చూడండి. రొమ్మున కట్టుకున్న తప్పెట మీద దెబ్బ పడగానే ధ్వని ఒక్కసారిగా ఎగసిపడుతుంది. గెయిన్, అంటే మైకు సంకేతాన్ని పెంచే మోతాదు, ఎక్కువైతే తరంగపు కొన తెగి గరగరలాడుతుంది. అదే క్లిప్పింగ్. తెగిన కొన అసలు రూపం ఫైలులో ఉండదు. అందుకే గట్టి దెబ్బకు కూడా పైన జాగా మిగిలేలా ముందే గెయిన్ తగ్గించాలి. 16 బిట్లలో మరీ తగ్గిస్తే గజ్జెల సన్నని సవ్వడి రొదలో కలిసిపోయే ప్రమాదం ఉండేది. 24 బిట్లలో 1,67,77,216 మెట్లు ఉన్నందున ఆ భయం చాలావరకు తీరింది.