పీపాల పనివాడు, ప్రజానాయకుడు: విల్ క్రూక్స్

బీదల సహాయార్థమై ఏర్పడిన సంఘములలో బీదలకు చోటుండుట అరుదు. ఒకప్పుడు సహాయము కోరి నిలిచిన బాలుడే తరువాత ఆ సంఘమునకు అధ్యక్షుడైన వృత్తాంతమును పాఠకుల ముందుంచుచున్నాము.

లండన్ నగరపు తూర్పు భాగమున, థేమ్స్ నది యొడ్డున, పోప్లర్ అను పేట కలదు. మన మచిలీపట్నమున వర్తకము చేసిన ఈస్టిండియా కంపెనీ ఓడలకొరకు 1806లో తెరచిన రేవు ఆ ప్రాంతముననే యుండెను. విల్ క్రూక్స్ 1852లో అచ్చట జన్మించెను. తండ్రి ఓడలో బొగ్గు వేయు పనివాడు. విల్ పసివాడై యుండగానే తండ్రి ప్రమాదములో ఒక చేయి పోగొట్టుకొనెను. తల్లి కుట్టుపనితో ఏడుగురు బిడ్డలను పోషింపవలసి వచ్చెను. 1861లో ఆ సంపాదన చాలక సహాయము కోరగా, అధికారులు ఇంటియొద్ద సహాయమీయక వర్క్‌హౌస్‌లో చేరుడనిరి.

వర్క్‌హౌస్ అనగా 1834 నాటి బీదల చట్టము ప్రకారము నడచిన గృహము. జనులు సహాయమడుగుటకు వెనుదీయవలెనని అచ్చటి బ్రదుకును కూలివాని బ్రదుకుకంటె హీనముగా నుంచిరి. కుటుంబములను విడదీసిరి. తండ్రియు పిల్లలును లోపలికి పోగా, తల్లి వారిని విడిపించుకొనుటకై బయట కష్టపడెను. తండ్రినుండి వేరుచేయబడిన ఆ యెనిమిదేండ్ల బాలుడు ఆ దినములను జీవితాంతము మరువలేదు.

పదునాలుగవ యేట విల్ పీపాలు చేయు పని నేర్చుకొనుటకు చేరెను. పాత పుస్తకముల దుకాణములో రెండు పెన్నీలకు కొన్న హోమరు కావ్యమును ఆనందముతో చదివెను. పనివాడైన తరువాత నాసిరకపు కలపను, అధిక గంటల పనిని ఆక్షేపించినందున ఉద్యోగము పోయెను. పని వెదకుచు లివర్‌పూల్ వరకు కాలినడకన పోయెను.

తిరిగి వచ్చిన పిమ్మట ఆదివారపు ఉదయములలో రేవు ద్వారమునొద్ద నిలిచి కూలివారితో మాటలాడసాగెను. హాస్యము కలిపి ఆయన చేసిన ఆ ప్రసంగములను జనులు ‘క్రూక్స్ కాలేజి’ అనిరి. 1889 నాటి గొప్ప రేవు సమ్మెలో కార్మికుల పక్షమున పాటుపడెను. 1892లో లండన్ కౌంటీ కౌన్సిల్‌కు ఎన్నికాయెను. సభ్యులకు జీతము లేని కాలమది. కావున తోటి పనివారే చందాలు వేసికొని ఆయన కుటుంబమును పోషించిరి.

1897లో ఆయన పోప్లర్ బీదల పోషణ సంఘమునకు అధ్యక్షుడాయెను. తన బాల్యములో తండ్రిని, తోబుట్టువులను లోపలికి పంపిన సంఘమదియే! వర్క్‌హౌస్‌ను చూడబోయినప్పుడు అచ్చటి జావలో ఎలుకల పెంటికలు కనబడెను. ఆయన, మిత్రుడు జార్జి లాన్స్‌బరీ కలిసి భోజనమును మార్చిరి, బీదలను గుర్తుపట్టు ఏకరూప దుస్తులను తీసివేసిరి. ఆ పనులకు సొమ్ము ఖర్చయ్యెను. పన్ను చెల్లించువారు సణిగిరి. 1906లో ప్రభుత్వము విచారణ జరిపి దుబారా అని నిందించెను గాని, ఆ యిద్దరు సొమ్ము అపహరించిరని ఎవరును చూపలేకపోయిరి.

1901లో ఆయన పోప్లర్ మేయరాయెను. లండన్‌లో కార్మికపక్షపు తొలి మేయరు ఆయనయే. 1903లో వూల్విచ్ ఉపయెన్నికలో గెలిచి పార్లమెంటులో ప్రవేశించెను. వృద్ధాప్య పింఛను కొరకు ఎడతెగక వాదించెను. 1908 నాటి చట్టమువలన డెబ్బదియేండ్లు నిండిన బీదలకు వారమునకు అయిదు షిల్లింగుల వరకు లభించెను. వర్క్‌హౌస్ గడప త్రొక్కకుండ వృద్ధులు తమ యింటనే యుండుటకు ఇది తోడ్పడెను.

ఆయన లోపమును దాచుట న్యాయము కాదని మేము తలంచుచున్నాము. బుద్ధిమాంద్యము గలవారిని గూర్చి ఆయన పలికిన మాటలు మిక్కిలి క్రూరమైనవి. ఆకలి బాధ నెరిగినవాడు ఆ బాధను ఎరుగలేకపోయెను. కావున బీదలలో ఒకడు సభలో కూర్చున్నంతమాత్రమున అందరి దుఃఖము అచ్చట పలుకదు. ప్రతివాని దుఃఖమునకు దాని సొంత నోరు కావలెను.

1921 జూన్‌లో క్రూక్స్ మరణించెను. కొన్ని మాసములకే, బీదపేటలపై పన్నుభారము అన్యాయమని పోరాడిన పోప్లర్ కౌన్సిల్ సభ్యులు లాన్స్‌బరీతో కూడ చెరసాలకు పోయిరి. 1930లో ఆ పాత బీదల పోషణ సంఘములు రద్దయ్యెను.

వసతిగృహములను, వృద్ధాశ్రమములను నడుపు మనము ఈ చరిత్రనుండి ఒక ప్రశ్న వేసికొనవలెను. మన కమిటీలలో ఆ గృహముల అన్నము తిని పెరిగినవారు ఎందరు? క్రూక్స్ బాల్యమున ఆ జావ త్రాగినవాడు; అందుచేతనే అధ్యక్షుడైన పిమ్మట గిన్నె మూత తీసి చూచెను.