రొసేసియా

రొసేసియా బుగ్గలు, ముక్కు, నుదురు, గడ్డంపై వచ్చే దీర్ఘకాలిక చర్మవ్యాధి. ఎక్కువగా 30 ఏళ్లు దాటినవారిలో కనిపిస్తుంది. ఇది అంటువ్యాధి కాదు.

లక్షణాలు: ముఖం ఉన్నట్టుండి వేడెక్కి కందిపోవడం, తగ్గని ఎరుపు, పైకి తేలే సన్నని రక్తనాళాలు, మొటిమల్లాంటి పొక్కులు. కొందరికి కళ్లు మండుతాయి, ముక్కు చర్మం దళసరి అవుతుంది. చామనఛాయలో ఎరుపు తేలిగ్గా కనబడదు కనుక మొటిమలుగా పొరబడతారు.

కారణాలు: వంశపారంపర్యం, రోగనిరోధక వ్యవస్థ అతిస్పందన, డెమొడెక్స్ అనే సూక్ష్మజీవుల పాత్ర ఉంది. ఎండ, వేడి పానీయాలు, కారం, మద్యం, మానసిక ఒత్తిడి దీన్ని రెచ్చగొడతాయి. హైదరాబాద్ పరిసరాల్లోని అబ్దుల్లాపూర్‌మెట్, ఎల్బీనగర్ వైపు వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఆ నెలల్లో జాగ్రత్త అవసరం.

స్టెరాయిడ్ క్రీములు: తెల్లబడాలని వీటిని నెలల తరబడి ముఖానికి రాస్తే రొసేసియాను పోలిన ఎరుపు, పొక్కులు వస్తాయి. ఆపగానే మంట ఎక్కువవుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పైపూత మందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మే షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది.

చికిత్స: వ్యాధి పూర్తిగా నయం కాదు, అదుపులో ఉంటుంది. పొక్కులకు మెట్రోనిడజోల్, అజెలాయిక్ ఆమ్లం, ఐవర్‌మెక్టిన్ పైపూతలు, తీవ్రమైతే డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. గర్భిణులకు ఈ మాత్రలు వాడరు. రక్తనాళాలకు లేజర్ పనిచేస్తుంది. రోజూ సన్‌స్క్రీన్, ఘాటులేని సబ్బు తప్పనిసరి. కళ్లు ఎర్రబడితే నేత్రవైద్యులకు చూపించాలి.