హోసూరు పశు క్షేత్రం

తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో, హోసూరు పట్టణానికి దగ్గరగా మత్తిగిరి వద్ద ఉన్న ప్రభుత్వ పశు క్షేత్రం. 1824లో ఈస్టిండియా కంపెనీ సైన్యానికి గుర్రాలు సమకూర్చే డిపోగా మొదలై, 20వ శతాబ్దంలో పశువుల పెంపక కేంద్రంగా మారింది. విస్తీర్ణం 1,641 ఎకరాలు, అంటే ఆరున్నర చదరపు కిలోమీటర్ల పైచిలుకు. దేశంలో ఇంత పాత పశు క్షేత్రాలు అరుదు. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఇంటి భాషలే. తెలుగువాళ్లు ఈ సీమను మొరసునాడు అంటారు.

సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మెరక ప్రాంతమిది. ఎర్రనేలలు, చల్లని గాలి. వానను నమ్ముకుని పండించే రాగులు, ఉలవలే ఇక్కడి పాత పంటలు. రాగిగడ్డి పశువుకు మేత, ఉలవలు గుర్రానికీ ఎద్దుకూ దాణా. 1799లో టిప్పు సుల్తాను పతనమయ్యాక హోసూరు సీమ కంపెనీ పాలనలోకి వచ్చింది. దీన్ని ఆనుకున్న బారామహల్‌లో 1792 నుంచి ఏడేళ్లు రెవెన్యూ పని చేసిన థామస్ మన్రో, తర్వాత రాయలసీమ రైతులకు ‘మన్రోలయ్య’ అయ్యాడు. డిపో పెట్టిన నాటికి మద్రాసు గవర్నరు ఆయనే. 1809లో ఏర్పడిన బెంగుళూరు దండు ఇక్కడికి నలభై కిలోమీటర్ల దూరం. రౌతు దళాలకు గుర్రాలను సిద్ధం చేయడానికి ఇంతకంటే అనువైన చోటు కంపెనీకి దొరకడం కష్టం.

గుర్రాలు ఓడల్లో మద్రాసు రేవుకు వచ్చేవి. మొదట్లో అరబ్బు దేశాల వైపు నుంచి, 19వ శతాబ్దం నడిమి నాటికి ఆస్ట్రేలియా నుంచి. అక్కడి న్యూ సౌత్ వేల్స్ పేరు మీదుగా ఆ గుర్రాలకు ‘వేలర్లు’ అనే పేరు స్థిరపడింది. వారాల తరబడి సముద్రం మీద నలిగి వచ్చిన జంతువుకు మేత పెట్టి తేరుకోనిచ్చి, జీనుకూ కళ్లానికీ అలవాటు చేసి రెజిమెంట్లకు పంపడం డిపోల పని. అందుకు కొట్టాలొక్కటే చాలవు, పరిగెత్తించడానికి బయలు కావాలి, ఏడాది పొడుగునా గడ్డి కావాలి. క్షేత్రం ఇంత విశాలంగా ఉండటానికి కారణం అదే. తర్వాత ఆవులకు అక్కరకొచ్చినదీ ఆ విశాలతే.

మోటారు బండ్ల రాకతో సైన్యానికి గుర్రాల అవసరం తగ్గింది. రైతుకు మాత్రం మంచి ఆబోతు కావాలి. ఊరి మందలో చేతికందిన కోడెతో ఆవులు కడుతూ పోతే జాతి పలచబడుతుందని పశువైద్యులు గుర్తించారు. మద్రాసు ప్రభుత్వం హోసూరును పశు పెంపకానికి కేంద్రంగా చేసుకుంది. ఇక్కడ పనిచేసిన అధికారి ఆర్. డబ్ల్యు. లిటిల్‌వుడ్ 1936లో దక్షిణ భారత పశుసంపద మీద వెలువరించిన పుస్తకాన్ని పరిశోధకులు నేటికీ తిరగేస్తుంటారు.

ఈ క్షేత్రంలో పెంచిన జాతుల్లో ఒక్కోదానిది ఒక్కో సీమ. వెనక్కి సాగిన పొడవాటి కొమ్ముల హళ్లికార్ మైసూరు పీఠభూమిది. హైదరు, టిప్పుల ఫిరంగులు లాగిన అమృత్ మహల్ ఎద్దులకు ఇది దగ్గరి చుట్టం. కాంగేయం కొంగునాడు సేద్యపు జాతి. ఎత్తయిన మూపురం, వేలాడే గంగడోలుతో తెల్లగా మెరిసే ఒంగోలు మనది.

ఎర్ర సింధీ కథ వేరు. ముదురు ఎరుపు ఒళ్లు, మధ్యరకం కట్టు, ఎండకు తట్టుకుని పాలిచ్చే గుణం ఉన్న ఈ ఆవు పుట్టిల్లు కరాచీ, సింధు హైదరాబాదు ప్రాంతాలు. 1947లో ఆ పుట్టిల్లు సరిహద్దు అవతల ఉండిపోయింది. మన దేశంలో శుద్ధమైన సింధీ మందలు ఎక్కువగా ఇలాంటి క్షేత్రాల్లోనే మిగిలాయి. రైతుల ఇళ్లలో విస్తారంగా ఉన్న జాతికి ఒక క్షేత్రం పోయినా ఊళ్లు ఆదుకుంటాయి, సింధీకి ఆ ఆసరా లేదు. అందుకే హోసూరు చేసిన పనుల్లో సింధీ మందను కాపాడటాన్నే ముందు చెప్పుకోవాలి. ఆ పనికి ఆధారం రిజిస్టర్లు: దూడ పుట్టగానే తూకం, చెవికి అంకె, తల్లిదండ్రుల నంబర్లు, ఈతకీ ఈతకీ మధ్య రోజులు, పూటపూటా తూచిన పాలు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1953లో భారత, పాకిస్తాన్ పశుజాతుల మీద వెలువరించిన గ్రంథానికి హోసూరు లెక్కలూ ఉపయోగపడ్డాయి.

పాల దిగుబడి కోసం విదేశీ జెర్సీతో సంకరం చేసే విధానం దేశమంతటా ఊపందుకున్నప్పుడు ఇక్కడా జెర్సీ, సింధీ సంకర పశువులను పెంచారు. పాలు పెరిగాయి. అయితే సంకరానికి కావలసిన శుద్ధ సింధీ తల్లులు ఎక్కడో ఒకచోట మిగలాలి కనుక, పాత మంద విలువ తగ్గకపోగా పెరిగింది.

క్షేత్రం ఉన్న జిల్లా పేరు మాత్రం మారుతూ వచ్చింది. మొదట సేలం, 1965 నుంచి ధర్మపురి, 2004 నుంచి కృష్ణగిరి. 1956లో భాషల ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 1970ల నుంచి సిప్కాట్ పారిశ్రామికవాడతో పట్టణం పెరిగింది, బెంగుళూరు ఇటువైపు విస్తరించింది, రాగిచేలు ఇళ్ల స్థలాలయ్యాయి. కోళ్ల పెంపకం చదువు చెప్పే కళాశాల కూడా మత్తిగిరిలోనే వచ్చింది. ఎకరం ధర కోట్లలో పలికే చోట పచ్చికబయలును ఖాళీ జాగాగా చూసేవారికి కొదవ ఉండదు. కానీ మందకు ఏడాది పొడుగునా సొంత మేత పండించుకునే నేల అదే. అది తరిగితే కొనుగోలు గడ్డి మీద ఆధారపడాలి, కరవొచ్చిన ఏడు మందను తగ్గించుకోవాలి. కొన్ని తరాల రిజిస్టర్లున్న సింధీ మందను ఒకసారి తగ్గిస్తే, ఆ లోటు పూడ్చడానికి కరాచీ నుంచి పశువులను తెచ్చుకునే దారి ఇప్పుడు లేదు.