శిలాకాష్ఠ సేకరణము, ఛేదనము

పూర్వయుగములందలి వృక్షకాండములు భూమిలో పూడిపోయి, వాని కణజాలము సిలికాతో నిండుటచే రాయిగా పరిణమించిన పదార్థమునకు శిలాకాష్ఠమని పేరు. దీనిని బయలు నేలలయందు వెదకి తెచ్చుకొని, కోసి, సానపట్టి, మెరుగుపెట్టుకొనుట ఇరువదవ శతాబ్దమున, విశేషించి అమెరికా సంయుక్త రాష్ట్రముల పశ్చిమభాగమున, గృహస్థుల వినోదవ్యాసంగముగా వ్యాపించినది.

వరదలకు కొట్టుకొనివచ్చి, ప్రాణవాయువు చొరని ఒండ్రులో కూరుకొనిపోయిన మ్రాకులు కుళ్లక నిలువగా, అగ్నిపర్వతముల బూడిదనుండి సిలికాను కరగించుకొనిన భూగర్భజలము వానిలోనికి ఇంకి, మొదట ఓపలుగాను, కాలక్రమమున కాల్సిడొనీగాను, స్ఫటికముగాను ఘనీభవించును. కొయ్యలోని ప్రతి అణువును తొలగి సిలికా అణువు దాని స్థానమున చేరునని పాత పాఠ్యగ్రంథములు వ్రాసినవి. కాని సిలికా ముందుగా కణములలోని ఖాళీలను నింపుననియు, కణకుడ్యములు క్రమముగా క్షయించిన పిమ్మటనే వాని తావును ఆక్రమించుననియు సూక్ష్మదర్శినీ పరిశోధనలు సూచించుచున్నవి. అనేక ఖండములలో సేంద్రియ పదార్థము కొంత నేటికిని మిగిలియుండుటచే ఈ రెండవ మతమే యుక్తతరముగా తోచును. ఈ పరిణామమునకు పట్టు కాలమును గూర్చియు ఏకాభిప్రాయము లేదు. జపానులోని తతేయామా వేడినీటి బుగ్గలో ఉంచిన కొయ్య ఏడేండ్లలో గణనీయముగా సిలికామయమైనట్లు 2004లో ప్రకటింపబడినను, సిలికా పుష్కలముగా నున్న వేడినీటి విషయమును పూడిన నేలలోని చల్లని నీటికి అన్వయించుట సాహసమగును. ఎరుపు, పసుపు, గోధుమ వన్నెలు ఇనుప ఆక్సైడులవలనను, నలుపు బొగ్గుపదార్థము లేక మాంగనీసు వలనను కలుగును. కొన్ని ఆకుపచ్చ ఖండములందు క్రోమియము కనబడినది.

అన్నిటిలోను ప్రసిద్ధమైనది అరిజోనా కాష్ఠము. దీని వయస్సు 22.5 కోట్ల సంవత్సరములని పలు గ్రంథములలో నున్నను, జిర్కాను కణముల ఆధారముగా జరిగిన కాలనిర్ణయములు దుంగలలో అధికభాగమును 21, 22 కోట్ల నడుమకు చేర్చుచున్నవి. 1880 ప్రాంతమున రైలుమార్గము అచ్చటి హోల్బ్రూకు పట్టణమునకు చేరిన తరువాత బండ్లకొలది కాష్ఠము తరలిపోసాగెను. లోపలి నీలలోహిత స్ఫటికములకై దుంగలను మందుపెట్టి పగులగొట్టినవారు కలరు. ఆడమానా దగ్గర ఈ రాతిని నలిపి సానపొడి చేయుటకు ఒక మిల్లును సైతము నెలకొల్పిరి. ఆ యంత్రమును చూచి కలవరపడిన అరిజోనా ప్రాంత శాసనసభ 1895లో కాంగ్రెసునకు విన్నపము పంపినది. లెస్టర్ వార్డు అను శాస్త్రజ్ఞుడు ఆ కాష్ఠము లభించు వనమును పరిశీలించి దాని రక్షణను గట్టిగా సమర్థించెను. తుదకు 1906 డిసెంబరు 8న అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్టు దానిని జాతీయ స్మారకముగా ప్రకటించెను. 1962లో అది జాతీయోద్యానమైనది. అచ్చట గులకరాయంత ముక్కనైనను తీయరాదు. సందర్శకులు ఏటేటా 12 టన్నుల కాష్ఠమును దొంగిలించుచున్నారను మాట చిరకాలము ప్రచారమున నుండినది; పాత ఛాయాచిత్రములను అవే స్థలముల నేటి దృశ్యములతో పోల్చి చూడగా పెక్కుచోట్ల మార్పు స్వల్పమేయని తేలినందున, ఆ సంఖ్యను నమ్ముట కష్టము.

అయినను అభిరుచి గలవారికి మార్గము మూసుకొనిపోలేదు. 1962 సెప్టెంబరు నాటి శాసనము ననుసరించి ఏర్పడిన నియమముల ప్రకారము, సమాఖ్య ప్రభుత్వపు బహిరంగ భూములలో, నిషేధము లేనిచోట, ఒక వ్యక్తి స్వంత వినియోగమునకు రోజుకు 25 పౌన్లును, దానికి తోడు ఒక ముక్కయు, సంవత్సరమున మొత్తము 250 పౌన్లకు మించకుండ ఉచితముగా తీసికొనవచ్చును, దానిని అమ్మరాదు. హోల్బ్రూకు అంగళ్లలో కనబడు సరకు ఉద్యానము వెలుపలి ప్రైవేటు భూములనుండి వచ్చునది.

వజ్రపుపొడి పొదిగిన పలుచని రంపపుచక్రములు 1930లనుండి అందుబాటులోనికి వచ్చుట ఈ వ్యాసంగమును ఇంటింటికి చేర్చినది. అంతకుముందు ఉక్కుచక్రముపై కార్బొరండము పొడిని బురదతో కలిపి ధారగా పోయుచు, ఒక్క కోతకే దీర్ఘకాలము శ్రమింపవలసియుండెను. 1926లో "రాక్స్ అండ్ మినరల్స్", 1947లో "లాపిడరీ జర్నల్" అను పత్రికలు వెలువడి ఈ విద్యను సామాన్యులకు సన్నిహితము చేసినవి.

కోతలో ప్రధానమైనది దిశానిర్ణయము. కాండపు నిడివికి సరిగా అడ్డముగా కోసిననే వార్షిక వలయములును, కణముల అమరికయు స్పష్టపడును; కొంచెము వాలినను వలయములు సాగి కనబడును. గుండ్రని బిళ్లను ఆశించువారు ముందుగా ఖండమును తడిపి, బీటలు ఎటు పోవుచున్నవో పరిశీలింతురు. ఏలయన పెళుసైన స్ఫటికము నేల కదలికలకు అడ్డముగా విరుగుట దీని స్వభావము. అరిజోనా దుంగలు రంపముతో కోసినట్లు తునకలై పడియుండుటకు కారణమిదియే. కాఠిన్యము మోస్ మానమున దాదాపు 7 కనుక తొందరపెట్టిన రంపము చెడును. పట్టులో ఖండమును బిగించి, నూనెలో తిరుగు చక్రమునకు నెమ్మదిగా అందింపవలెను. గుల్లబారిన కొయ్య నూనెను పీల్చి నల్లబడును గాన దానికి నీరే మేలు; ఓపలు కొయ్య వేడికి నెఱ్ఱెలిచ్చును.

పిదప 80, 220, 400, 600 సంఖ్యల కార్బొరండము పొడులతో వరుసగా అరగదీసి, తుదకు తోలుపైగాని నమదాపైగాని సీరియం ఆక్సైడుతో మెరుగుపెట్టుదురు. ముతకపొడి కణమొక్కటి మెరుగుగుడ్డపైకి వచ్చినను పనియంతయు గీతలపాలగును; కావున ప్రతి మెట్టునను ఖండమును, చేతులను, పళ్లెములను శుభ్రముగా కడుగుకొనవలసియున్నది. క్రోమియం ఆక్సైడు పచ్చదనము బీటలలో నిలిచిపోవునని పలువురు దానిని మానిరి. పొడిగా కోయుట మాత్రము ఎన్నడును కూడదు: సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ వ్యాధిని కలిగించును.

మెరుగెక్కిన ముఖమును పదిరెట్లు పెంచి చూపు కటకముతో చూచినచో వృక్షజాతి కొంతవరకు తెలియును. నాళరంధ్రములు కనబడినచో పుష్పవృక్షము, లేనిచో సాధారణముగా శంకువృక్షము. అరిజోనా కాష్ఠములో వర్ణవైభవము హెచ్చైనను పెక్కు ఖండములలో కణనిర్మాణము చెదరినది. ఈ విషయమున వాషింగ్టను, ఓరెగను రాష్ట్రముల కాష్ఠములే మిన్న. అరిజోనా దుంగలన్నిటిని ఒకే పేరున, అరౌకారియోజైలాన్ అరిజోనికమ్ అని పిలుచుట 1889 నాటినుండి వాడుక; అందు ఒకటికి మించిన జాతులున్నవని 2007లో వెలువడిన పరిశీలన వాదించినది. సంగ్రాహకుడు దొరకిన చోటును, శిలాస్తరమును చీటీపై వ్రాసి కోతకు ముందే ఖండమునకు జతచేయనిచో ఇట్టి వాదములు తీరుటకు ఆ ఖండము పనికిరాదు. అంగడి చీటీలపై జాతినామములు నమ్మదగినవి కావు.

భారతదేశమున తమిళనాడులోని తిరువక్కరై శిలాకాష్ఠవనమును సొన్నెరా అను ఫ్రెంచి యాత్రికుడు 1781లో గుర్తించెను. అచ్చటి దుంగలు సుమారు 2 కోట్ల ఏండ్లవి. సాత్తనూరులో 1940లో ఎం. ఎస్. కృష్ణన్ కనుగొనిన 18 మీటర్ల కాండమునకు 12 కోట్ల ఏండ్లని తరచుగా వ్రాయుదురు. అది దొరకిన తిరుచిరాపల్లి శిలాసముదాయమునుబట్టి 9 కోట్ల ప్రాంతమనుటయే సమంజసము. ప్రాణహిత-గోదావరీ లోయలోని గోండ్వానా శిలలందును శిలాకాష్ఠములు లభించుచున్నవి. భారతీయ భూగర్భ సర్వేక్షణ సంస్థ సంరక్షించు తిరువక్కరై, సాత్తనూరు స్థలములలో సేకరణము నిషిద్ధము.