ఆసుపత్రులూ, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలూ: మనం మరచిన ఒక అనుబంధం



ఆసుపత్రి అనగానే మనకు వైద్యుడు, మంచము, మందు గుర్తుకు వస్తాయి. రాత్రి రెండు గంటలకు సెలైన్ సీసా మార్చే నర్సు, రక్తనమూనాను పరీక్షించే ల్యాబ్ టెక్నీషియన్, చీటీ చూసి మందులిచ్చే ఫార్మసిస్టు ఆ తరువాతే గుర్తుకు వస్తారు. వారు ఆ ఆసుపత్రికి ఏ దారిన వచ్చారన్న ప్రశ్న మాత్రం సాధారణంగా ఎవరికీ తోచదు. నాలుగు దశాబ్దాల క్రితం తెలుగునాట ఆ దారి తరచుగా ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి మీదుగా సాగేది. ప్రజారోగ్యానికీ ఆ కార్యాలయానికీ ఉన్న సంబంధాన్ని నేడు మీ ముందుంచదలచాను.

ఆరోగ్యం గురించి వ్రాసేవాడికి ఉద్యోగ నియామకాలతో పనేమిటని మీరు అడగవచ్చు. ప్రభుత్వాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఖాళీగా ఉంటే రోగి బయటి ల్యాబుకు వెళ్ళి డబ్బు చెల్లిస్తాడు, లేదా పరీక్షే మానుకుంటాడు. ఇద్దరు నర్సులు ఉండవలసిన వార్డును ఒక్కరే చూసుకుంటే ఆరు గంటలకు ఇవ్వవలసిన ఇంజక్షను ఎనిమిదింటికి పడుతుంది. 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ ఈ సంగతిని అంకెలతో చూపించింది. నాటి బ్రిటిష్ ఇండియాలో సుమారు 6,300 మందికి ఒక వైద్యుడు ఉండగా, దాదాపు 43,000 మందికి ఒక్క నర్సు మాత్రమే ఉండేది. అంత కొరత ఉన్న దేశంలో శిక్షణ పొందిన మనిషిని, ఆ మనిషి అవసరమున్న ఆసుపత్రిని త్వరగా కలపడమే ఒక వైద్యసేవ.

ఎక్స్ఛేంజి పుట్టుక

పని వెదుకుకొనేవారిని, పనివారిని వెదికేవారిని ఒకచోట కలిపే ప్రభుత్వ కార్యాలయమనే ఆలోచన మనకు బయటినుండి వచ్చింది. బ్రిటన్‌లో 1909లో లేబర్ ఎక్స్ఛేంజిల చట్టం వచ్చింది. 1910 ఫిబ్రవరి 1న తొలి కార్యాలయాలు తెరుచుకున్నాయి. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన రెండవ ఒడంబడికలోనే, రుసుము తీసుకోని ప్రభుత్వ ఉపాధి కార్యాలయాలు ఉండాలని చెప్పింది. ఉద్యోగం వెదుకుకొనేవాడి దగ్గర పైసా తీసుకోకూడదన్న ఆ నియమాన్ని గుర్తుంచుకోండి. ఈ కథ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మన దేశంలో రెండవ ప్రపంచయుద్ధం ముగిసేవేళ, 1945 జులైలో ఈ వ్యవస్థ మొదలైంది. సైన్యం నుండి విడుదలైన సైనికులకు, యుద్ధకాలపు కార్మికులకు పని చూపడం నాటి లక్ష్యం. దేశ విభజన తరువాత నిరాశ్రయులై వచ్చినవారికి కూడ ఇవే కార్యాలయాలు ఆసరా అయ్యాయి. 1948 నుండి ఉద్యోగం కోరేవారందరికీ వీటి తలుపులు తెరుచుకున్నాయి. శివరావు కమిటీ 1954లో ఇచ్చిన నివేదికను అనుసరించి వీటి దైనందిన నిర్వహణను 1956 నవంబరు 1న రాష్ట్రాలకు అప్పగించారు. ఆంధ్రప్రదేశ్ అవతరించినదీ ఆ రోజే. కొత్త రాష్ట్రం పుట్టుకతోనే ఈ బాధ్యతను కూడ అందుకున్నదన్న మాట.

నాంపల్లి పరిసరాల్లో రెండు దారులు

ఆబిడ్స్ నుండి నాంపల్లి స్టేషను వరకు ఉన్న ప్రదేశం ఉద్యోగార్థులకు చిరపరిచితం. ఆరవ నిజాము కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ దుకాణం వలన ఆ పేరు వచ్చిన ఆబిడ్స్‌లో పెద్ద తపాలా కార్యాలయం ఉంది. ఆదివారాలలో అక్కడి కాలిబాటల మీద పోటీ పరీక్షల పాత పుస్తకాలు అమ్ముతారు. నాంపల్లిలో ఎం.జె. రోడ్డు మీద పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయం ఉంది. స్టేషనుకు అవతల, మల్లేపల్లి ఐ.టి.ఐ. ప్రాంగణంలో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి ఉంది. పక్కనే ఉన్న రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఉద్యోగి కావాలన్న ఆసుపత్రి, ఉద్యోగం కావాలన్న మనిషి, ఇద్దరినీ కలిపే కార్యాలయం, అన్నీ నడిచి చేరగల దూరంలోనే ఉన్నాయి.

వైద్యులది కమిషన్ దారి. మావంటివారు పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా సివిల్ అసిస్టెంట్ సర్జన్లుగా నియమితులయ్యాము. కమిషన్ ద్వారా భర్తీ చేసే పోస్టులను ఎక్స్ఛేంజికి తెలియజేయనక్కరలేదని చట్టమే మినహాయించింది. కమిషన్ పరిధిలోకి రాని చిన్న ఉద్యోగాలకు, తాత్కాలిక నియామకాలకు రెండవ దారి ఎక్స్ఛేంజి. టెక్నీషియన్లు, డ్రెస్సర్లు, టైపిస్టులు ఎందరో ఆ దారినే వచ్చారు.

ఆ పద్ధతి ఇలా సాగేది. ఆసుపత్రి పర్యవేక్షకుడు పోస్టుల సంఖ్య, అర్హతలు, జీతము, రిజర్వేషను రోస్టరు వివరాలతో ఎక్స్ఛేంజికి ఇండెంటు పంపేవాడు. అక్కడ ప్రతి అభ్యర్థికీ ఒక సూచిక కార్డు ఉండేది. వృత్తికొక సంకేత సంఖ్య ఉండేది. అర్హతను, పేరు నమోదైన తేదీని చూసి, సీనియారిటీ క్రమంలో జాబితా తయారు చేసి ఆసుపత్రికి పంపేవారు. అభ్యర్థి ఇంటికి తపాలాలో ఇంటర్వ్యూ కార్డు వెళ్ళేది. సర్టిఫికెట్ల నకళ్ళపై గెజిటెడ్ అధికారి సంతకం తప్పనిసరి అయిన రోజులవి. ఓ.పి. ముగిసే వేళకు మా గదుల ముందు అభ్యర్థులు కాగితాలు పట్టుకొని నిలబడేవారు. ఆకుపచ్చ సిరాతో సంతకాలు పెట్టి పంపేవాళ్ళం.

ఈ పద్ధతిలోని మేలు స్పష్టం. పల్లె నుండి వచ్చి, నగరంలో తెలిసినవారెవరూ లేని అమ్మాయి కూడ తన పేరు నమోదైన తేదీ బలంతో ఇంటర్వ్యూ గది వరకు రాగలిగేది. మధ్యవర్తికి చెల్లించవలసినది ఏమీ లేదు. లోపాలు కూడ అంతే స్పష్టం. పేరు నమోదు చేసుకొని ఏళ్ళ తరబడి ఎదురుచూసినవారు కోకొల్లలు. అద్దె ఇల్లు మారినవారి ఇంటర్వ్యూ కార్డులు తిరిగి వచ్చేవి. రెన్యువల్ గడువు దాటితే సీనియారిటీ పోయే ప్రమాదం ఉండేది. నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి టెక్నీషియన్ కోసం వచ్చిన జాబితాలో కొందరు అప్పటికే వేరే ఉద్యోగాల్లో స్థిరపడ్డారు. ఆ కార్డు అర్హతను చెప్పగలదు గాని, చేతి నైపుణ్యాన్ని చెప్పలేదు.

చట్టం ఎంతవరకు వచ్చింది?

1959లో వచ్చిన ఖాళీల తప్పనిసరి ప్రకటన చట్టం 1960 మే 1 నుండి అమలులోకి వచ్చింది. ప్రభుత్వరంగ సంస్థలతో పాటు 25 మంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు కూడ తమ ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలియజేయాలని అది శాసించింది. పాతికమంది సిబ్బంది ఉన్న ప్రైవేటు నర్సింగ్‌హోము కూడ ఈ చట్టం పరిధిలోకే వచ్చేది.

అయితే ఆ చట్టంలోనే మరొక మాట ఉండేది. ఖాళీ ఉన్నదని తెలియజేయాలే తప్ప, ఎక్స్ఛేంజి పంపినవారినే నియమించుకోవాలన్న నిర్బంధం ఉండేది కాదు. తెలియజేయకపోతే తొలిసారి జరిమానా 500 రూపాయల వరకు, మళ్ళీ తప్పు చేస్తే 1,000 రూపాయల వరకు మాత్రమే ఉండేది. 1960లో అది చెప్పుకోదగిన మొత్తమే. కాలక్రమంలో అది కార్పొరేట్ ఆసుపత్రి ఒక్కపూట క్యాంటీన్ ఖర్చుకు కూడ సరిపోనిదైంది. ప్రైవేటు ఆసుపత్రులు పత్రికా ప్రకటనలను, పరిచయాలను, కన్సల్టెన్సీలను ఆశ్రయించాయి.

ప్రభుత్వ నియామకాల్లో మాత్రం ఎక్స్ఛేంజి కార్డు విలువ చాలాకాలం నిలిచింది. ఎక్స్ఛేంజి పంపినవారి నుండే ఎంపిక చేయాలన్న ప్రభుత్వ ఆదేశం రాజ్యాంగ విరుద్ధం కాదని 1987లో హరగోపాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1994లో నియామకాల క్రమబద్ధీకరణకు చట్టం తెచ్చింది. కమిషన్, ఎంపిక సంఘాల దారులు వర్తించని చోట ఎక్స్ఛేంజి ద్వారానే నియామకాలు జరగాలని అందులో నిర్దేశించింది. అదే సంవత్సరం ఏప్రిల్ 22న వెలువడిన 212వ నంబరు జి.ఓ. తాత్కాలిక ఉద్యోగుల క్రమబద్ధీకరణకు విధించిన షరతుల్లో ఒకటి, ఆ ఉద్యోగి ఎక్స్ఛేంజి ద్వారా వచ్చి ఉండాలన్నది. ఒకే వార్డులో ఒకే పని అయిదేళ్ళుగా చేస్తున్న ఇద్దరిని ఊహించండి. ఒకరు ఎక్స్ఛేంజి పంపగా వచ్చారు, మరొకరు నేరుగా చేరారు. ఆ షరతు ముందు వారి భవిష్యత్తు వేరువేరైంది. చిన్న అట్టముక్క జీవితాన్ని నిర్ణయించిన రోజులవి.

1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంటు కేసులో సుప్రీంకోర్టు మరొక అడుగు వేసింది. ఎక్స్ఛేంజికి తెలియజేయడంతో పాటు పత్రికలలో ప్రకటించి, నోటీసు బోర్డుపై ఉంచి, అర్హులైన వారందరినీ పరిగణించాలని చెప్పింది. పేరు నమోదు కాని అర్హులకు అది న్యాయమే చేసింది. కాని ఆనాటి నుండి ఎక్స్ఛేంజి ఏకైక ద్వారం కాకుండా పోయింది, పలు ద్వారాల్లో ఒకటిగా మిగిలింది.

మధ్యవర్తి మారాడు

తరువాత వచ్చినది ఔట్‌సోర్సింగ్. ఆసుపత్రికి, ఉద్యోగికి మధ్య ఇప్పుడు ఏజెన్సీ నిలిచింది. జీతం దాని చేతుల మీదుగా వస్తుంది. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. సక్రమంగా జమ అవుతున్నవో లేవో ఉద్యోగి స్వయంగా చూసుకోవాలి. పూర్వం అభ్యర్థుల జాబితా పంపిన జిల్లా ఉపాధి కార్యాలయమే, అనేక జిల్లాల్లో ఏజెన్సీల జాబితా తయారీలో పాలుపంచుకోవలసి వచ్చింది. మనుషుల పేర్లుండే చోటికి సంస్థల పేర్లు వచ్చాయి.

వైద్యునిగా నాకు ఇందులో కనిపించే నష్టం ఒకటే. నిలకడ లేని ఉద్యోగి మెరుగైన చోటు దొరకగానే వెళ్ళిపోతాడు. అతనితో పాటు ఆ వార్డులో నేర్చిన పని కూడ వెళ్ళిపోతుంది. ఐ.సి.యు.లో తర్ఫీదు పొందిన నర్సును కోల్పోయి కొత్తవారికి మొదటి నుండి నేర్పవలసి వచ్చిన ప్రతిసారీ మూల్యం చెల్లించేది రోగే.

ఔట్‌సోర్సింగ్‌కు భిన్నంగా నేరుగా జరిగిన నియామకాలూ ఉన్నాయి. తెలంగాణలో వైద్య, ఆరోగ్య సేవల నియామక బోర్డు ఏర్పడింది. 2024 జనవరి 31న ఆబిడ్స్‌కు చేరువలోని ఎల్.బి. స్టేడియంలో 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు అందజేశారు. ప్రభుత్వ ఉద్యోగం ఇంకా అందని వేలమంది నర్సులకు, టెక్నీషియన్లకు మాత్రం మధ్యవర్తి అవసరం అలాగే ఉంది.

మల్లేపల్లి నుండి జర్మనీకి

పాత పద్ధతి పూర్తిగా అంతరించిందని అనుకుంటున్నారా? అదే మల్లేపల్లి ప్రాంగణం చిరునామాగా తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ పనిచేస్తోంది. విదేశాల్లో ఉద్యోగాలు చూపడం దాని పని. 2015లో కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ తదితర ఇ.సి.ఆర్. దేశాలకు నర్సుల నియామకం ప్రభుత్వ సంస్థల ద్వారా జరగాలని నిర్ణయించింది. ప్రైవేటు ఏజెంట్లు నర్సుల నుండి లక్షల రూపాయలు వసూలు చేస్తున్నారన్న ఫిర్యాదులే అందుకు కారణం.

జర్మనీది ఇంకా ఆసక్తికరమైన ఉదాహరణ. అక్కడి సమాఖ్య ఉపాధి సంస్థ, జి.ఐ.జెడ్. అనే సహకార సంస్థతో కలిసి 2013 నుండి ‘ట్రిపుల్ విన్’ అనే కార్యక్రమం నడుపుతోంది. నర్సులు కావలసిన జర్మన్ ఆసుపత్రులు తమ దేశపు ఉపాధి సంస్థను ఆశ్రయిస్తాయి. ఆ సంస్థ మన రాష్ట్రాల ప్రభుత్వ సంస్థలతో కలిసి అభ్యర్థులను ఎంపిక చేస్తుంది. భారతదేశంలో కేరళతో పాటు తెలంగాణ కూడ ఇందులో భాగస్వామి. నర్సు ఇక్కడే బి1 స్థాయి వరకు జర్మన్ నేర్చుకొని వెళుతుంది. నియామక రుసుమును భరించేది ఆసుపత్రి, నర్సు కాదు. 1919 నాటి నియమం ఇక్కడ మళ్ళీ కనిపించడం లేదా?

నా మనసులో మెదిలే ప్రశ్న ఇది: వేల మైళ్ళ దూరంలోని ఆసుపత్రి ప్రభుత్వ ఉపాధి సంస్థను నమ్మి మన నర్సును తీసుకొనిపోగలిగినప్పుడు, ఆబిడ్స్‌లోని నర్సింగ్‌హోము మల్లేపల్లికి ఒక ఉత్తరం ఎందుకు వ్రాయలేదు? వలస తప్పు కాదు. నిరుపేద దేశాల ఆరోగ్య వ్యవస్థలు దెబ్బతినకుండా నియామకాలు సాగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఒక నియమావళిని ఆమోదించింది. మన నర్సులు వెళ్ళనివ్వండి. కాని ఇక్కడ ఉండదలచినవారికి కూడ అంతటి గౌరవమైన దారి ఉండాలి.

మనం చేయదగినవి

ఎక్స్ఛేంజి రూపం మారింది. 2015 జులై 20న జాతీయ కెరీర్ సేవా పోర్టల్ ప్రారంభమైంది. తెలంగాణలో ‘డీట్’ అనే డిజిటల్ ఎక్స్ఛేంజి వచ్చింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి ఈ కార్యాలయాలకు కెరీర్ సెంటర్లని పేరు పెట్టి, 25 మంది అన్న పాత పరిమితిని 20కి తగ్గించింది. ఇంటర్వ్యూ కార్డు పోయి ఫోన్ సందేశం వచ్చింది. చిరునామా మారినా పిలుపు అందుతుంది. పాత పద్ధతిని బాధించిన పెద్ద జబ్బుకు ఇది మందే.

నర్సింగ్, పారామెడికల్ కోర్సులు చదివిన బిడ్డలున్న తల్లిదండ్రులకు నా సలహా: కౌన్సిల్ లేక బోర్డు రిజిస్ట్రేషను పూర్తి కాగానే ప్రభుత్వ పోర్టళ్ళలో పేరు నమోదు చేయించండి. జిల్లా ఉపాధి కార్యాలయాల జాబ్‌మేళాలకు పంపండి. ఉద్యోగం ఇప్పిస్తానని ముందుగా డబ్బు అడిగేవారి గడప తొక్కవద్దు. విదేశీ ఉద్యోగమైతే ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషను ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. రిజిస్టరైన ఏజెంటు కూడ సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మించి తీసుకోరాదు.

ఆసుపత్రులు నడిపే నా వైద్య మిత్రులకు ఒక మనవి: మీ ఖాళీలను ఉపాధి కార్యాలయానికి తెలియజేయండి. ఎంపిక మీదే, పరీక్షించుకొనే హక్కూ మీదే. మీకు దక్కేది విశాలమైన జాబితా, అభ్యర్థికి దక్కేది కమిషను లేని పిలుపు.

రోగులుగా మనం కూడ ఆసుపత్రి అభివృద్ధి సంఘ సమావేశాల్లో, ప్రజావాణిలో కొత్త యంత్రాల గురించే గాక, ఆ యంత్రాలను నడిపే మనుషుల గురించి కూడ అడగాలి. ఏ పోస్టు ఎన్నాళ్ళుగా ఖాళీగా ఉంది, దానికి ఇండెంటు వెళ్ళిందా లేదా అని అడగండి. స్కానింగ్ యంత్రం ఉన్న గదికి తాళం వేసి ఉండడానికి తరచుగా కారణం, దానిని నడపవలసిన టెక్నీషియన్ పేరు ఏ జాబితాలోనో ఆగిపోయి ఉండడమే.