1868: కృష్ణా జిల్లా మీదుగా చంద్రుడి నీడ

1868 ఆగస్టు 18 ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణ వేళ చంద్రుడి నీడ కృష్ణా జిల్లా మీదుగా సాగింది. గుంటూరు, మచిలీపట్నం (బందరు) అప్పటికి ఒకే జిల్లాలో ఉన్నాయి. 1864 ఉప్పెనలో సుమారు 30 వేల మందిని పోగొట్టుకున్న బందరుకు మద్రాసు నక్షత్రశాల అధిపతి నార్మన్ పాగ్సన్ వచ్చి దిగాడు. ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ మీద దుర్భిణి బిగించాడు.

నీడ ఏ ఊళ్ల మీద పడుతుందో వాళ్లకు ముందే తెలుసు. గ్రహణాలను మన పంచాంగకర్తలూ శతాబ్దాలుగా గణిస్తూనే ఉన్నారు. అయితే చంద్రుణ్ణి భూమితో పాటు సూర్యుడూ లాగుతున్నాడనీ, ఆ నడకలోని హెచ్చుతగ్గులకు గురుత్వాకర్షణే కారణమనీ న్యూటన్ చూపించాక గణితం తీరే మారిపోయింది. ఆ సిద్ధాంతం మీదే ఖగోళ శాస్త్రవేత్త హాన్సెన్ 1857లో చంద్రుడి పట్టికలు అచ్చువేశాడు. ఆ రోజు చంద్రుడు భూమికి బాగా దగ్గరగా ఉన్నాడు గనుక గుంటూరులో చీకటి ఐదు నిమిషాలకు పైగా నిలిచింది.

ఆ కొద్ది వ్యవధిలో జాన్సెన్ సూర్యుడి అంచున ఎగసే ఎర్రటి జ్వాలల వెలుగును వర్ణపటదర్శినిలో చూశాడు. అందులో విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. అంటే అది మండే వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్. గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకున్నా దొరుకుతాయనుకున్నాడు. మర్నాడు దొరికాయి కూడా.

హీలియం గుంటూరులోనే బయటపడిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. నా దృష్టిలో బందరుకు దక్కాల్సిన వాటా మరుగున పడింది. జ్వాలల వర్ణపటంలో హీలియం జాడగా తర్వాత తేలిన పసుపు గీత, సోడియం గీత ఉండే చోటో, దాని పక్కనో ఉందని రాసినవాడు పాగ్సన్. అది సోడియానిది కాదని అక్టోబరులో ఇంగ్లండులో ఖగోళ శాస్త్రవేత్త లాకియర్ తేల్చాడు.

ఇక హీలియం సంగతికొస్తే, సూర్యుడి సొంత బరువే దాని నడిగర్భాన్ని అదిమి కోటిన్నర డిగ్రీలకు వేడెక్కిస్తుంది. అక్కడ సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతోంది. అంత తేలికపాటి హీలియంను పట్టి ఉంచేంత ఆకర్షణ మాత్రం భూమికి లేదు. పైపొరల్లో వేగం పుంజుకున్న కణాలు సెకనుకు 11 కిలోమీటర్లు దాటి అంతరిక్షంలోకి జారిపోతాయి. అందుకే గాలిలో అది పది లక్షల పాళ్లలో అయిదు పాళ్లే. 1895లో విలియం రామ్సేకు యురేనియం ఖనిజంలో చిక్కిన హీలియం, రాతిలో బందీ అయి ఉండబట్టే మిగిలింది.