మోటారు యంత్రమునకు చల్లదనము - నీటినుండి కూలెంటు వరకు

సికిందరాబాదునకు ఈశాన్యముగా నున్న నేరేడ్‌మెట్‌కు మోటారుబండ్ల విద్యతో ఇరుగుపొరుగు సంబంధ మున్నది. 1943 అక్టోబరు 15న ఏర్పడిన సైనిక ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్ల దళమువారి కళాశాల సమీపముననే తిరుమలగిరిలో కలదు. నేడు నేరేడ్‌మెట్‌లో కారు గల ఇండ్లకు కొదువ లేదు. అయినను ఆ కారు రేడియేటరులో ఏమి పోయవలెనని అడిగినచో, బోరునీరు చాలునని కొందరు, ఎర్రనిది మంచిదని కొందరు, పచ్చనిది మంచిదని మరికొందరు చెప్పుదురు.

కూలెంటునకు తొలుత పెట్టిన పేరు, నీటిని గడ్డకట్టనీయని ద్రవమని. హైదరాబాదు వాతావరణపు లెక్కలలో అత్యల్పముగా నమోదైన ఉష్ణోగ్రత 1946 జనవరి 8 నాటి 6.1 డిగ్రీలు. మన నీరు ఎన్నడును గడ్డకట్టదు. మరి శీతదేశపు మందు మనకేల? ఈ ప్రశ్నకు సమాధానము చరిత్రలో నున్నది.

1886లో జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రముల బండిలో నీరు మరిగి ఆవిరియై పోవుటయే చల్లార్చు పద్ధతి. దారిపొడవునా నీరు పోయుచుండవలసినదే. 1900 ప్రాంతమున విల్‌హెల్మ్ మైబాఖ్ తేనెపట్టువంటి రేడియేటరును కల్పించినపిమ్మట, అదే నీరు గాలికి చల్లబడి తిరిగి యంత్రమును చేరుట సుకరమైనది. 1932లో నిజాము రాజ్య రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించునాటికి ఇక్కడి బండ్లకు నీరే ఆధారము. ఎండలో బస్సు నిలిపి, క్లీనరు డబ్బాతో నీరు పోయుట చాలకాలము మనవారికి పరిచితమైన దృశ్యము.

చలిదేశములలో చిక్కు వేరు. నీరు గడ్డకట్టి పెరిగినచో ఇనుప దిమ్మ సైతము పగులును. అందుచే వారు మొదట సారాయి కలిపిరి. అది వేడికి ఆవిరియై పోయెడిది. గ్లిజరిను కలిపిరి, అది చిక్కనిది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వుర్ట్స్ 1850ల దశకములో తయారుచేసిన ఇథిలీన్ గ్లైకాల్ తుదకు అక్కరకు వచ్చినది. 1927లో అమెరికాలో అది ప్రెస్టోన్ పేరిట అంగడికి వచ్చినది. సగము నీరు, సగము గ్లైకాల్ కలిపినచో ఆ మిశ్రమము సున్నకు దిగువ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. సుమారు 107 డిగ్రీల వరకు మరగదు. మనకు పనికివచ్చునది ఈ రెండవ గుణము. 1966 జూను 2న మన నగరమున 45.5 డిగ్రీల ఎండ కాచిన సంగతి తలచుకొన్నచో దాని విలువ తెలియును.

అట్లని గ్లైకాల్ ఎక్కువైనకొలది మేలని యెంచరాదు. వేడిని మోసుకొనిపోవుటలో నీటికి సాటి లేదు; సమాన బరువుగల గ్లైకాల్ అందులో సగముకన్న కొంచెము ఎక్కువ మాత్రమే మోయగలదు. స్పిట్‌ఫైర్ విమానముల మెర్లిన్ యంత్రములకు మొదట శుద్ధ గ్లైకాల్ వాడి, పిదప 70 పాళ్ళ నీటికి 30 పాళ్ళ గ్లైకాల్ కలిపిరి.

ఇక ముఖ్యమైనది తుప్పు. పూర్వపు ఇనుప యంత్రముల స్థానమున అల్యూమినియము వచ్చినది. దానిని కాపాడుటకై కూలెంటులో రక్షక లవణములు కలుపుదురు. పాత తరహా సిలికేటు ద్రవములు రెండేండ్లు నిలుచును. 1995లో జనరల్ మోటార్సువారు ప్రవేశపెట్టిన సేంద్రియ ఆమ్లముల రకము అయిదేండ్లకు ఉద్దేశింపబడినది. కఠినజలముతో కలిసి మడ్డి కట్టునని ఐరోపావారు ఫాస్ఫేటులను వర్జించిరి. పంపు బిగింపులను అరగదీయునని జపానువారు సిలికేటులను వర్జించిరి. కావున ఒకరి కారునకు తగినది వేరొకరి కారునకు తగకపోవచ్చును. రంగు కేవలము తయారుచేసినవారి ఇష్టము. దానికి అందరికిని ఒకే నియమము లేదు.

మన రాతినేల బోరునీరు పెక్కుచోట్ల కఠినజలమే. నీళ్ళకాగు అడుగున తెల్లని గార కట్టుట గృహిణులు ఎరుగుదురు. ఆ గారయే యంత్రపు సన్నని దారులలో పేరుకొన్నచో వేడి బయటకు పోదు. యంత్రము బిగుసుకొనిపోయినచో మరమ్మతునకు వేలకు వేలు ధారపోయవలసివచ్చును. కావున కారుతో వచ్చిన పుస్తకములో ఏ రకము చెప్పిరో ఆ రకమునే కొని, చిక్కని ద్రవమైనచో డిస్టిల్డు వాటరుతో వారు చెప్పిన పాళ్ళలో కలుపుట మేలు. రెండు రకములను కలుపరాదు. వేడిగా నున్నప్పుడు మూత విప్పరాదు. ఒత్తిడితో మరుగునీరు ముఖముపైకి చిమ్మును.

చివరిగా ఇంటిలోని తల్లులకు ఒక మాట. గ్లైకాల్ తియ్యగా నుండును, కాని విషము. మూత్రపిండములను చెరచి ప్రాణము తీయగలదు. మిగిలిన ద్రవమును కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచరాదు. పిల్లలు త్రాగినట్లు అనుమానము కలిగినను, లక్షణములకై వేచియుండక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. యంత్రము చెడినచో బాగుచేసికొనవచ్చును. ఈ జాగ్రత్త మాత్రము ముందే ఉండవలెనని మా శ్రోతలకు మనవి.